నేతి డబ్బా

దగ్గరకు జరగండర్రా, పున్నమ్మ మాట చెబుతాను. ప్రతి వంటింట్లోకీ పరీక్ష చెంచా వచ్చేసిన రోజులవి. తినేదాంట్లో విషం ఏ కాస్త ఉన్నా అది ఎర్రగా వెలిగేది. ఆకుపచ్చగా వెలిగితేనే ముద్ద ఎత్తేవారు.

ఆ పొద్దు పున్నమ్మ మనవరాలి అన్నప్రాసన; వాళ్లింటికి చెంచా వచ్చింది ఆ ముందురోజే. పరమాన్నంలో ముంచగానే చెంచా భగ్గున ఎర్రబడింది. కోడలు కోమలి బియ్యం, పాలు, బెల్లం విడివిడిగా చూసింది. అన్నీ ఆకుపచ్చే. ఇక మిగిలింది పున్నమ్మ కాచిన నెయ్యి.

"నా గేదె పాలనే అనుమానిస్తావటే!" అని ముసలమ్మ కస్సుమంది.

"పాలు కాదత్తా. ఆ డబ్బా ఎక్కడిది?"

పున్నమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఇంటికి తెచ్చుకున్నదది. మిరపతోటలో కొట్టిన పురుగుమందు డబ్బా అది. గట్టిగా ఉంది కదా అని బూడిదతో, చింతపండుతో ఏడుసార్లు తోమి, అప్పటినుంచీ అందులోనే నెయ్యి పోస్తోంది. ఆ నేతితోనే తన పెద్దపిల్లకూ తొలిముద్ద పెట్టింది. ఆ పిల్ల ఏడాది నిండకుండానే పోయింది.

"దీనివల్లేనంటావా?" అంది సన్నగా.

"ఇప్పుడెవరు చెప్పగలరత్తా?" అంటూ కోమలి ఆమె చెయ్యి పట్టుకుంది.

డబ్బా పాతేద్దామని పున్నమ్మ పార అందుకుంది. పెరట్లో తోటకూర మడి చూసి ఆగిపోయింది. డబ్బాను సంచిలో కట్టి పరిశోధన చేసేవాళ్లకు పంపించింది. మనవరాలికి నెయ్యి లేకుండానే కొత్తగా వండి తినిపించారు.

మర్నాటినుంచి పున్నమ్మ ఇల్లిల్లూ తిరిగి, "మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉందా అమ్మా?" అని అడిగింది. అడిగిన ప్రతిచోటా తన బిడ్డ సంగతి దాచకుండా చెప్పింది.

మీరూ గుర్తుపెట్టుకుని చెప్పండర్రా. ఆ పిల్ల పేరు అంకమ్మ. పేరుతో సహా చెప్పండి.