మా ఆయనకి ఏడో నెల

మగవాళ్లూ కడుపు మోస్తే తప్ప సమానత్వం రాదని కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినంత కాలం వాదించినదాన్ని నేను. ఇప్పుడు మగవాళ్లకి గర్భసంచి పెట్టే ఆపరేషన్ పన్ను పీకించుకోవడమంత మామూలైపోయింది. మా వీధిలో నెల తప్పిన మగవాళ్లకి లెక్కలేదు. మా ఆయన తారకేశానికి ఏడో నెల.

వాదన గెలిచాను. మరి నాకెందుకీ కడుపుమంట?

పొద్దున ఆయన పనసపొట్టు కూర అన్నాడో లేదో, మా అత్తగారు సంచీ పట్టుకుని రైతుబజారుకి పరిగెత్తింది. మా అమ్మాయిని మోసినప్పుడు నేనూ అదే అడిగాను. వేడి చేస్తుంది, వద్దంది. నొప్పులొచ్చే రోజు దాకా నిలబడి పాఠాలు చెప్పాను. ఈయనకి ఆఫీసువాళ్లు ఇంటికే పని పంపిస్తున్నారు.

సాయంత్రం సోఫాలో కొడుకు కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఆవిడ నూనె రాస్తోంది.

"మగాడై పుట్టి ఎలా మోస్తున్నాడో పాపం!"

"ఆడదాన్నని నాకు బరువు లేదా అత్తయ్యా?" అనేశాను.

"ఇప్పుడవన్నీ ఎందుకు, ఉజ్వలా?" అంటూ ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

అత్తగారు నూనె చేతుల్ని చూసుకుంది.

"నలుగుర్ని కన్నాను. ఒక్కరూ నా కాళ్లు పట్టలేదే. కన్నకొడుకే అయినా, వీడికి రాస్తుంటే నాకూ మండుతోంది."

నేను నూనె గిన్నె అందుకుని ఆవిడ ముందు కూర్చున్నాను. ఆవిడ గబుక్కున కాళ్లు చీరలోకి ముడుచుకుంది.

"అయ్యో, నాకెందుకమ్మా? నేనేమన్నా కడుపుతో ఉన్నానా?"