రేగాకుల సాబు

బందగీ సాబు వాకిట్లోకి వస్తే మనిషికన్నా ముందు వాసన వచ్చేది.

కర్పూరం, ఫినాయిలు, వాటి అడుగున మరేదో కుళ్లు. ఐలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఎలుక చచ్చిన గాదె నయమనుకునేది.

గోదావరిఖనిలో అప్పటికి బొగ్గుబాయిలు కొత్త, గుడిసెలు కొత్త. తలా ఒక ఊరి నుంచి వచ్చి పడ్డవాళ్లే, ఎవరి సంగతి ఎవరికి తెలుసు? ఈ సాబు ఏం పని చేస్తాడో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. గడ్డానికి గోరింటాకు ఎరుపు. వేళ్లు మాత్రం నానిన తోలులా తెల్లగా, ముడతలు ముడతలుగా ఉండేవి. ఆ వేళ్లు చూస్తే చాలు, ఐలవ్వ మొహం తిప్పుకునేది.

వాకిట్లోని రేగుచెట్టు కింద నిలబడి, అడగడం మాత్రం మర్యాదగానే అడిగేవాడు.

"అవ్వా, జరన్ని రేగు రెమ్మలు కోసుకుంట."

పండు ముట్టడు. ఇంట్లో మేకా లేదు, గొర్రే లేదు. ఉత్త ఆకు దూసుకుని సంచిలో పోసుకుంటాడు.

పక్క గుడిసె బిక్షం ఒకనాడు ఆ సంచిలోకి తొంగి చూశాడు. ఆకుల కింద కర్పూరం బిళ్లలు, తెల్లగుడ్డ పేలికలు ఉన్నాయని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. ఇంకేముంది, బాణామతి అన్నారు. ఎవరి వాకిట్లో ఆకు కోస్తే ఆ ఇంటి మగవాడికే చేటన్నారు.

ఐలవ్వకు ఉన్నది ఒక్కగానొక్క కొడుకు, మొగిలి. బొగ్గు తవ్వడానికి రోజూ భూమి కడుపులోకి దిగేవాడు. తల్లి ప్రాణం ఊరుకుంటుందా?

సాబు మళ్లీ వచ్చినప్పుడు పేడనీళ్ల కుండ ఎత్తి అతని నెత్తిన కుమ్మరించింది.

"నా కొడుకు మీద కన్నేసినవా? నీ చేతులు పురుగులు వడ."

బిక్షం, ఇంకో ఇద్దరు కట్టెలతో బాదారు. సాబు కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గడ్డం నుంచి పేడ కారుతుండగానే వెళ్లిపోయాడు. అతను నడిచిన మేరా ఐలవ్వ నీళ్లు చల్లి కడుక్కుంది.

ఆ వారమే బాయిలో పైబండ కూలింది. మొగిలి లోపలే ఉండిపోయాడు.

"చెయ్యనే చేసిండు, వాని పాడెగట్ట," అని ఐలవ్వ నేల బాదుకుంటూ ఏడ్చింది.

నీళ్లు తోడి, బండలు తీసి శవాన్ని పైకి తెచ్చేసరికి రోజులు గడిచిపోయాయి. దవాఖాన నుంచి పెట్టెలో పెట్టి పంపారు. మూత తీయొద్దని అందరూ ఒకటే పోరు. బిక్షమైతే అంత దూరాన నిలబడి ముక్కుకు తువ్వాల చుట్టుకున్నాడు. చూస్తే తట్టుకోలేవు, అట్లాగే కాష్ఠం మీద పెడదామన్నాడు. మొగిలి కంచంలో చెయ్యి పెట్టి తిన్నవాడు!

"కన్నదాన్ని. నా కొడుకు మొకం సూడకుంట సాగనంపుతనా?"

ఆమే మూత ఎత్తింది.

నిద్రపోతున్నట్టున్నాడంటే అబద్ధమవుతుంది. నలిగిన చెంప మీద తెల్లబట్ట మడిచి కప్పి ఉంది. మిగిలిన ముఖం కడిగిన ముత్యం. తల దువ్వి ఉంది. పండగనాడు కూడా వదలని బొగ్గు, గోళ్ల సందుల్లోంచి పోయింది. ఐలవ్వ ఆ నుదుటిని ముద్దాడి, కొడుకును సాగనంపుకుంది.

దినాలయ్యాక, కొడుకును అంత మంచిగా కడిగి పంపినందుకు పెద్ద డాక్టరు కాళ్లు మొక్కుదామని దవాఖానకు వెళ్లింది. ఎదురుపడిన కంపౌండర్ యిర్మియాతో ఆ మాటే చెప్పింది.

యిర్మియా ముఖం చిట్లించాడు. డాక్టరు శవాల గది గడప దాటి రాలేదని, తనకైతే వాంతులేనని దాచకుండా చెప్పాడు. కడిగింది దవాఖాన మనిషే కాదట. తనంతట తానే వచ్చే ఒక ముసలి సాబట. ఎవరూ ముట్టని శవమైతే కులం, మతం అడగడట. వాళ్ల ఆచారం ప్రకారం రేగాకు వేసి కాచిన నీళ్లతో, బాలింత బిడ్డకు పోసినట్టు పోస్తాడట.

రేగాకు అన్న మాటకు ఐలవ్వ తలెత్తింది.

"ఎవలు సూస్తరు సాబూ, పైపైన కడుగు, సాలు, అని నేనే అన్న," యిర్మియా చెప్పుకుపోయాడు. "సూసేటోడు సూస్తనే ఉంటడు బేటా, మంచిగ చెయ్యాలె అన్నడు."

"యాడుంటడు బిడ్డా?"

"మొన్న జుమ్మా నాడే మట్టిల కలిసిండు. కుడిచెయ్యి ఇరిగి, చీముపట్టి, జరం ఎక్కింది. నీ కొడుకును కడిగింది గూడ ఎడమ చేత్తోనే."

ఐలవ్వ కుండ ఎత్తిన తన చేతుల్ని కొంగులో చుట్టుకుంది.

"ఎవలన్న కొట్టిన్రా అని గుచ్చిగుచ్చి అడిగిన. రాళ్ల మీద జారిపడ్డ అన్నడు," అన్నాడు యిర్మియా. "పెట్టె మూసేటప్పుడు మాత్రం, మూతకు మేకులు కొట్టకుండ్రి, వాళ్లమ్మ నాకెరుక, సూడకుంట పంపది అన్నడు."