మాట వినే కారు

“కికీ,” అన్నారు డ్రిల్లు మాస్టారు.

కారు ఉలకలేదు, పలకలేదు. స్టీరింగు పట్టుకున్న భార్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“కి... టి... కీ!”

ఆయన పక్కనున్న అద్దం మెల్లగా కిందికి దిగింది. మాస్టారి ఛాతీ అంగుళం పెరిగింది.

“చూశావా! ఈ మధ్య దీనికి చెవుడొస్తోందోయ్. మొదట్లో సగం మాటకే దిగేది. ఇప్పుడు ఒక్క అక్షరం మింగినా కదలదు,” అన్నారు ఒక్కో మాటా కూడగట్టుకుంటూ.

“దాని బెట్టు దానికుంటుంది,” అందావిడ.

ముప్పై ఏళ్లు మైకు లేకుండానే మైదానం ఆ చివరనున్న పిల్లల్ని నిలబెట్టిన గొంతు ఆయనది. ఆటల పోటీల్లో గెలిచినవాళ్ల పేర్లు ఆయన చదువుతుంటే ఓడిన పిల్లలు కూడా చప్పట్లు కొట్టేవాళ్లు. రిటైరయ్యాక కూడా ఆ ఒక్కరోజు బడివాళ్లు ఆయన్నే పిలిచేవారు. పోయినేడాది పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి గానీ మాట ముద్దయిపోయింది. ఆయనేం చెప్పినా జనం “ఏంటండీ?” అని అర్థం కోసం ఆవిడ మొహం చూసేవాళ్లు. అసలే రోషం గల మనిషి. ఇంటా బయటా నోరు కట్టేసుకున్నారు. మాటల డాక్టరు అభ్యాసాలు రాసిచ్చిన కాగితం మంచం కిందికి పోయింది.

అలాంటప్పుడు అల్లుడు ఈ కారు చూసి కొనిపెట్టాడు. ఎవరో వాడిన బండే, కానీ నోటితో చెబితే వింటుందట. మొదటిరోజు మాస్టారు “పాట” అనబోయి రెండుసార్లు “పా... పా...” అన్నారు. ఏమీ కాలేదు. మొహం చిన్నబుచ్చుకుని అటు తిరిగిపోయారు. అంతలో పాట మొదలైంది.

ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే తయారై కారు దగ్గర నిలబడేవారు. కూరలకీ కారే, మందులకీ కారే. దారి పొడవునా దానికి ఏదో ఒకటి పురమాయిస్తూనే ఉండేవారు.

“ఏంటండీ అనదు, ఎదురు మాట్లాడదు. ఒక్క ఏసీ దగ్గరే మొండికేస్తుంది,” అన్నారు ఇప్పుడు.

“దానికి చలేమో.”

“అల్లుడు నడిపిన రోజు చూశావుగా! ఒక్క ముక్క వినలేదు. అతగాడి స్పీడుకి దానికీ మాట పడిపోయింది.”

ఆవిడ నవ్వి, ఎడమ చెయ్యి స్టీరింగుకి అతికించుకునే మలుపు తిప్పింది. యాభై ఎనిమిదేళ్లకి నేర్చుకున్న డ్రైవింగు మరి.

“హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ ఫోన్ చేసింది. శనివారం పోటీలట. ఈసారీ పేర్లు మీరే చదవాలంటోంది. ఇవాళ ఏ సంగతీ చెప్పకపోతే ఇంకెవర్నైనా చూసుకుంటారట.”

మాస్టారు మొహం అద్దం వైపు తిప్పుకున్నారు. కారుతో మాట్లాడటం వేరు, మూడు వందల మంది పిల్లల ముందు నోరు విప్పడం వేరు. ఒక్కడు కిసుక్కుమన్నా చాలు, తల ఎత్తుకోలేరు.

సర్వీసు సెంటర్‌లో మెకానిక్ అమ్మాయి కారంతా పరీక్షించింది. లోపల పైకప్పుకున్న దీపం మూత ఊడదీసి, దాని వెనకున్న చిన్న మైకు చూసి, ఆవిణ్ణి పక్కకి పిలిచింది.

“ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందాంటీ?”

“కొన్నప్పట్నుంచీ.”

“సార్‌కి తెలుసా?”

“తెలీదు. తెలియనివ్వకమ్మా. బాగుచెయ్యి, చాలు.”

పావుగంటలో పని అయిపోయింది. ఇంజను ఆన్ చేసి, అమ్మాయి దిగింది.

“సార్, ఒకసారి కూర్చుని చూడండి.”

మాస్టారు ఒక్కరే ఎక్కి కూర్చున్నారు. ఆవిడ డ్రైవరు వైపు బటన్లకి నాలుగడుగుల దూరంలో చేతిసంచి గుండెలకి హత్తుకుని నిలబడింది.

“చూడమ్మాయ్, ఇది నా మాటెలా వింటుందో! కిటికీ దించు.”

దిగింది.

“పాట పెట్టు.”

మోగింది. ఆ ఊపులో “ఏసీ వెయ్యి” అన్నారు. చల్లటి గాలి రివ్వున మొహానికి కొట్టింది.

“ఏమోయ్, ఇవాళ ఏసీ మాట కూడా విందోయ్!” అంటూ తిరిగి చూస్తే ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది.

“దానికి ఏడుపెందుకు? ఎనిమిది నెలలుగా వింటూనే ఉందిగా!”

“ఏడుపు కాదు లెండి. మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది.”

మాస్టారు మీసం సవరించుకున్నారు. ఒక్క క్షణం ఆలోచించి, నిటారుగా కూర్చున్నారు.

“బడికి ఫోన్ కలుపు.”

రెండు రింగులకే హెడ్‌మిస్ట్రెస్ పలికింది.

“శనివారం నేను వస్తున్నానమ్మా. పేర్లు నేనే చదువుతాను.”

“రండి మాస్టారూ! ఆ గొంతు కోసమే చూస్తున్నాం,” అంది హెడ్‌మిస్ట్రెస్. ఏంటండీ అనలేదు.

మెకానిక్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. మాస్టారు డాష్‌బోర్డు మీద ఆప్యాయంగా తట్టారు.

“కొన్న రోజు నుంచీ ఇంతేనమ్మాయ్. నా మాట జవదాటదు.”

కారు ఆయన మాట వినడం అదే మొదటిసారి.