గుమ్మం దగ్గరి మీటరు

మీటరాయన ఈసారీ వెనక గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

చెయ్యి మాత్రం లోపలికి చాచి, మీటరులో అంకె నిలిచేదాకా పట్టుకుని, వెనక్కి తీసుకున్నాడు.

"పరిమితిలో వందో వంతు కూడా లేదండి. భయం లేదు," అన్నాడు.

అపార్టుమెంటు సంఘం ప్రెసిడెంటు నవ్వాడు. మంచి నవ్వు కాదది.

ఆ అపార్టుమెంటు మేడ మీద సెల్ టవరు ఉంది. సరిగ్గా దాని కిందే ప్రెసిడెంటుగారి ఇల్లు. వెనక గదిలో కడుపుతో ఉన్న ఆయన కూతురు. ఇల్లు కొన్నప్పుడు టవరు సంగతి పట్టించుకోని మనిషికి ఇప్పుడు దాన్ని చూస్తేనే గుబులు. కన్నతండ్రి కదా, తప్పు పట్టడానికీ లేదు.

మీటరాయన బక్కపలచటి మనిషి. నెలనెలా వచ్చి, రేడియో తరంగాలు ఎంతున్నాయో ఇంటింటా కొలిచేవాడు. పిల్లల మంచాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మరీ కొలిచేవాడు. టవరు వచ్చాక చేరినవాళ్ళే అక్కడ అందరూ. ఆయన్ని టవరు కంపెనీ మనిషనే అనుకున్నారు. కంపెనీ ఉప్పు తిన్నవాడు ఎక్కువుందని చెబుతాడా అని మూతి విరిచేవారు. గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"అందరి గదుల్లోకీ దర్జాగా వస్తాడు. టవరు కిందున్న మా గదిలో మాత్రం అడుగు పెట్టడు. కొలిచేవాడికే అంత భయమైతే, అక్కడ పడుకునే నా కూతురి సంగతేంటి?"

ఆ ఒక్క మాటతో అందరి గుండెల్లో రాయి పడింది. టవరు తీయించాల్సిందేనని చేతులెత్తారు, ఒక్కరూ మిగలకుండా.

సంగతి తెలిసి మీటరాయన పరుగున వచ్చాడు. ఈ వీధి గుంటలో ఉందని, టవరు పోతే ఫోన్లు పలకవని చెప్పాడు. టవరు దూరమయ్యేకొద్దీ చేతిలో ఫోనే గొంతు చించుకోవాల్సి వస్తుందని, చెవి పక్కన తరంగాలు అప్పుడే ఎక్కువని బతిమాలాడు. వింటేగా!

"ఫోను లేకపోతే చచ్చిపోతామా?" అన్నాడు ప్రెసిడెంటు.

మీటరాయన ముఖం పాలిపోయింది.

"అలా అనకండి సార్. అమ్మాయి వట్టి మనిషి కాదు. ఆ గదిలో..."

"ఆ గది మాట నువ్వెత్తకు," అని ముఖం మీదే తలుపు వేశాడు.

టవరు దిగింది. పీడ వదిలిందని అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం కుండపోత వాన. కరెంటు పోయింది, ఇంట్లో నెట్టు పోయింది. నెలలు నిండకుండానే కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

ఎవరి ఫోనులోనూ ఒక్క సిగ్నలు గీత లేదు. కిటికీ దగ్గర లేదు, మెట్ల మీద లేదు, మేడ మీదా లేదు. మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి, వీధి చివర గట్టెక్కితే గానీ ప్రెసిడెంటు ఫోను పలకలేదు.

అంబులెన్సు వచ్చింది. ఆలస్యంగా వచ్చింది.

కూతురు దక్కింది. బిడ్డ ఏడవలేదు.

నీళ్ళు తగ్గాక ప్రెసిడెంటు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. టవరు మళ్ళీ పెట్టండని, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ప్రాధేయపడ్డాడు.

"మీ మీటరాయన్ని ఒక్కసారి పిలవండి బాబూ. కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన తమ మనిషే కాదన్నాడు అక్కడి ఇంజనీరు. ఆ వీధికి టవరు కావాలని చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగినవాడట. తాను అడిగి పెట్టించిన దానివల్ల ఎవరికీ కీడు జరగకూడదని మీటరు సొంతంగా కొనుక్కున్నాడట. టవరు దించిన రోజు దాన్ని ఇక్కడి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ప్రెసిడెంటు ఆ మీటరు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు పట్టే చోట రంగు అరిగిపోయి ఉంది. కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి మా వెనక గదిలోకి ఎందుకు వచ్చేవాడు కాదు?"

ఇంజనీరు ఆయనకు కుర్చీ జరిపాడు.

"మీకంటే ముందు ఆ ఇల్లు ఆయనదేనండి. టవరు లేని రోజుల్లో ఫోను పలకక, ఆయన భార్యా, కడుపులో బిడ్డా పోయింది ఆ గదిలోనే."