మల్లాపూర్ ఎర్ర చుక్క

"గా ఒక్క చుక్క తీసెయ్ జీవన్. గ్రాఫ్ సాఫ్‌గ వస్తది" అన్నాడు రాజలింగం.

కంప్యూటర్ తెర మీద మల్లాపూర్ మట్టి చుక్కలన్నీ, పొలానికొకటి చొప్పున, ఆకుపచ్చ పట్టీలో కుదురుగా కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా, గుంపుకు ఆమడ దూరంలో, అలిగిన అల్లుడిలా నిలబడింది.

కోరుట్లలోని ఆ మట్టి పరీక్ష కేంద్రానికి రాజలింగం పెద్ద. జీవన్ చేరి ఏడాది కూడా కాలేదు. రైతులు తెచ్చిన మట్టిని పరీక్షించి, అంకెలు సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించి, రంగురంగుల గ్రాఫులు తీయడం అతని పని. గ్రాఫులంటే అతనికి ప్రాణం. అన్నం చల్లారినా ఫర్వాలేదు, గీత వంకర పోకూడదు. మర్నాడు జగిత్యాల మీటింగులో చూపించాల్సిందీ ఈ గ్రాఫే.

"తీసేస్తే బయట కూసున్న గా అక్కకు రిపోర్టే రాదు సార్. ఆమెకు నేనేం చెప్పాలె?"

"సరే, నీ ఇష్టం. రేపు ఎవలన్న అడిగితే నువ్వే చెప్పుకో" అని రాజలింగం టీకి వెళ్లిపోయాడు.

ఆ చుక్క వసంతది. బీడీలు చుట్టే మనిషి. పొద్దున పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత చుట్టూ టేపు. గల్ఫ్‌కు మనుషులు పోయిన ఈ వైపు ఇళ్లలో పప్పూ చింతపండూ కూడా అలాంటి డబ్బాల్లోనే ఉంటాయి కాబట్టి జీవన్ పట్టించుకోలేదు. "ఏ ఊరక్కా?" అన్నాడు. "మల్లాపూర్ సార్" అంది. రాసుకున్నాడు.

మట్టిని చూశాక మాత్రం నోరు తెరిచాడు. తెల్లటి ఇసుక. పరీక్ష చేస్తే ఉప్పు నెత్తికెక్కి ఉంది.

"గిది పొలమా అక్కా, ఉప్పు గోదామా?"

వసంత నవ్వలేదు. "పచ్చబడుతదా సార్?"

"గంత తొందరేంది?"

"మా అక్షిత వాళ్ల బాపు మస్కట్‌ల ఉన్నడు. గీ మట్టి పచ్చబడితెనే ఇంటికొస్తడు. పిల్ల కడుపుల ఉన్నప్పుడు పోయిండు. ఇప్పుడది బడికి పోతున్నది. బాపంటే ఫోన్‌ల ఉంటడనుకుంటది."

జీవన్ తెర మీది ఎర్ర చుక్కను మళ్లీ చూశాడు. పొలం బాగుపడితే పరాయి దేశం వదిలి వచ్చి సేద్యం చేసుకుందామని ఆ మనిషి ఆశ కాబోలు. ఎవరికుండదు?

ఇక పట్టుబట్టాడు. ఉప్పు కిందికి దిగేలా నీళ్లు కట్టి మట్టిని కడగమన్నాడు. బర్రెల పెంట దండిగా వేయమన్నాడు.

"బర్రెల పెంట దొరకది సార్. మేకలదైతే దొరుకుతది."

"మల్లాపూర్‌ల బర్రెలకు కరువచ్చిందా?"

"మేకలది నడుస్తదా, నడవదా?"

"నడుస్తది తల్లీ, నడుస్తది!"

వసంత గ్రాఫ్‌ను ఫొటో తీసి అక్కడికక్కడే భర్త సంపత్‌కు పంపింది. జీవన్ చెప్పిందంతా అతని గొంతుతోనే వాయిస్ మెసేజ్ పెట్టించింది.

జగిత్యాలలో ఎర్ర చుక్క జీవన్ పరువు తీసింది. "మల్లాపూర్‌ల సముద్రం పుట్టిందానయ్యా?" అని ఒక ఆఫీసరు అడిగితే హాలంతా గొల్లుమంది. జీవన్ చెవులు వేడెక్కాయి. అయినా చుక్క తీయలేదు.

కొన్నాళ్లకు డబ్బా మళ్లీ వచ్చింది. అప్పుడు ఊళ్లలో వరి పొట్ట మీద ఉంది.

"పంట కోసినంక తేవాలె అక్కా మట్టి. నడిమిట్ల తెస్తవేంది?"

"దొరికినప్పుడు తెస్త సార్."

సొంత మట్టి దొరకడమేమిటో జీవన్‌కు అర్థం కాలేదు. గ్రాఫ్ తీసే తొందరలో అడగనూ లేదు. ఉప్పు కొంచెం దిగింది. తెర ముందు ఇద్దరికీ పండగే.

ఆ తర్వాత వచ్చిన డబ్బాలో మట్టి నలుపు తిరిగింది. చుక్క పసుపు రంగులోకి దిగింది. రాజలింగం కూడా టీ గ్లాసుతో వచ్చి, "మన చుక్క ఎందాక వచ్చింది?" అని అడగడం మొదలుపెట్టాడు. తీసెయ్యమన్న మనిషే!

పొలం చూసొస్తానని జీవన్ బండి తాళం తీస్తే మాత్రం వసంత చెయ్యి అడ్డం పెట్టేది.

"శానా దూరం సార్. మీ బండి పోదు."

బండినే తక్కువ చేసిందని జీవన్ రెండు రోజులు నొచ్చుకున్నాడు.

చివరికి ఒకనాడు చుక్క ఆకుపచ్చ పట్టీలోకి వచ్చి తక్కినవాటి పక్కన కూర్చుంది. ఏది వసంతదో వెతుక్కోవాల్సి వచ్చింది. జీవన్ కుర్చీలోంచి లేచి గంతేశాడు. వసంత ఆ ఫొటో పంపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చేసింది.

వానాకాలం మొదట్లో ముగ్గురూ కలిసి వచ్చారు. సంపత్ నల్లబడి, బక్కచిక్కి ఉన్నాడు. చేతిలో ఖర్జూరాల పెట్టె. రెండో చేతి వేలు అక్షిత పిడికిట్లో ఉంది. ఖర్జూరం ఇస్తామన్నా ఆ పిల్ల పిడికిలి వదల్లేదు.

జీవన్ సంతోషం పట్టలేకపోయాడు. హెల్మెట్ అందుకున్నాడు.

"ఇగ పాండి! ఇయ్యాల మల్లాపూర్‌ల మీ పొలం చూడాల్సిందే. ఫొటో తీసి గ్రాఫ్ పక్కన పెట్టి జగిత్యాలల చూపిస్త. నన్ను చూసి నవ్వినోళ్ల నోళ్లు మూయాలె."

సంపత్ తెల్లబోయి భార్య వైపు చూశాడు. వసంత తల వంచుకుని నవ్వుతోంది.

"మల్లాపూర్‌ల మాకు గుంటెడు జాగ లేదు సార్, మీరు బాగుచేసింది మస్కట్‌ల మా అరబ్బు సేటు తోట, అది పచ్చబడితెనే నన్ను ఇంటికి పంపుతనన్నడు" అన్నాడు సంపత్.