ఇప్పుడే వద్దండీ

రైలు సామర్లకోట దాటిందో లేదో, ఎదుటి సీట్లోని ముసలావిడ రామతులసి వైపు చూసి నవ్వింది.

రామతులసి గబుక్కున ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుంది.

పక్కన కూర్చున్న నూకరత్నం టీచరు ముసిముసిగా నవ్వింది. రోజూ అదే బండిలో వస్తుంది కాబట్టి ఆవిడకి సంగతి తెలుసు.

బండిలో ఎవరు పలకరించినా ముందు "ఏ ఊరమ్మా?" అంటారు. తర్వాత "పెళ్ళయిందా?" ఆ వెంటనే "పిల్లలెంతమంది?"

మూడేళ్ళుగా రామతులసిది ఒకటే జవాబు.

"ఇప్పుడే వద్దండీ."

నిజానికి వద్దో, కావాలో తనకే తెలియదు.

రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. ప్రమోషన్ తీసుకుంటే విశాఖ వెళ్ళాలి. ఔనో కాదో ఈ సాయంత్రంలోగా మేనేజరుకి చెప్పాలి.

"నీ ఇష్టం తులసీ. కాకపోతే పిల్లల సంగతి కూడా ఆలోచించు" అన్నాడు భర్త జానకిరామ్.

ఆలోచిద్దామని ఫోన్ తెరిస్తే, ముప్ఫై దాటితే కష్టమంటాడు తెల్లకోటు డాక్టరు. వేలు జరిపితే, మంచుకొండల మీద గెంతుతూ అసలు పిల్లలెందుకంటుంది ఇంకొకామె. మళ్ళీ జరిపితే, బోసినవ్వుల పసివాడు.

రాత్రి ఒకటనుకుంటే తెల్లారేసరికి ఇంకోటి.

ఒక్క పేజీ దగ్గరే మనసు కుదుటపడేది. పేరు 'పూలబామ్మ'.

ముఖం కనిపించదు. పూలు కట్టే చేతులు, వెనక మాటలు. అంతే.

ఆ చేతులు అరటినార తడిపి, కనకాంబరాల మధ్య మరువం పెట్టి ముడేస్తుంటే, పిఠాపురంలో అమ్మమ్మ ఇంటి అరుగు కళ్ళ ముందుకొచ్చేది. బడి నుంచి రాగానే అమ్మమ్మ తన జడలో మాల తురిమి, "ఇవాళ నీకేం కావాలే?" అనేది.

అమ్మమ్మ పోయాక ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళే గానీ, ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు.

పోయిన వారం ఉండబట్టలేక ఆ పేజీకి మెసేజ్ పెట్టింది.

'ప్రమోషన్ తీసుకోనా, బిడ్డని కననా బామ్మగారూ?'

జవాబొచ్చింది.

'ఇది ఫోన్లో తేలే మాట కాదు తల్లీ. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.'

ఎవరో, ఎక్కడుంటారో! ఎదురెదురుగా ఎలా కూర్చోవడం?

రామతులసి నిట్టూర్చి, బామ్మ పాత రీల్ పెట్టుకుంది.

ఎదుటి ముసలావిడ ముందుకి వంగి ఫోన్లోకి తొంగి చూసింది. ఆవిడ ముఖం విప్పారింది. పెదాలు కదిలాయి.

వచ్చేసింది ప్రశ్న!

"ఇప్పుడే వద్దండీ" అంది రామతులసి తలెత్తకుండానే.

ఆవిడ రామతులసి మోకాలి మీద చెయ్యి వేసి మళ్ళీ ఏదో అంది.

"చెప్పాను కదండీ, ఇప్పుడే వద్దని!"

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. రామతులసి సౌండు పెంచుకుంది.

కడియంలో ఆవిడ లేచింది. సంచిలోంచి మూరెడు పూలు తీసి, రామతులసి పక్కన పెట్టి దిగిపోయింది.

రైలు కదిలాక మరువం వాసన గుప్పుమంది.

ఎన్నాళ్ళయింది ఈ వాసన తగిలి! రామతులసి ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"పెద్దావిడతో అంత విసురేంటండీ తులసిగారూ?" అంది నూకరత్నం.

"మీకు తెలియందేముందండీ. పిల్లల మాటెత్తితే నాకు ఒళ్ళు మండిపోద్ది."

"ఆవిడ పిల్లల మాటెప్పుడెత్తిందండీ?"

"మరి?"

నూకరత్నం కిటికీలోంచి వెనక్కి చూస్తూ అంది.

"'ఆ వీడియోలో చేతులు నావే తల్లీ, కాసేపు మాట్లాడుకుందామా?' అందండీ పాపం, రెండుసార్లు."