అసలూ నకలూ

కాలరు మీద నీళ్ళు చిలకరించి ఆమె ఇస్త్రీపెట్టె ఆనించింది. సుయ్యిమంది. రేపు భర్త కోర్టుకు వేసుకెళ్ళాల్సిన చొక్కా అది.

ఆయన మూలనున్న బల్ల దగ్గర హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చున్నాడు. పోలీసులు పంపే రికార్డింగులు విని, వాటిలో ఏముందో రాసివ్వడం ఆయన ఉద్యోగం. ఇంటికి తేకూడనివి కూడా ఒక్కోసారి తెస్తాడు. తన చెవుల మీద తనకే అనుమానం వచ్చినప్పుడు భార్య చెవులు అరువడుగుతాడు.

“ఏమోయ్ పాముచెవులూ, ఒకసారి ఇలా రా.”

“చొక్కా మాడితే రేపు బనీనుతో వెళ్దురుగాని,” అంటూనే స్విచ్చి తీసేసి వచ్చింది.

ఆయన సంగతి చెప్పాడు. ఒక అమ్మాయి మేడ మీంచి పడి చనిపోయింది. పడేముందు తల్లికి ఫోన్‌లో రెండు మాటలు రికార్డు చేసి పంపింది. తల్లి దగ్గరున్నది నకలు. ఫోన్‌లోంచి ఫోన్‌లోకి తేలిగ్గా వెళ్ళాలని, చెవికి అక్కర్లేదనుకున్న సన్నసన్న చప్పుళ్ళన్నీ కోసేసిన ఫైలు. అమ్మాయి పగిలిన ఫోన్‌లోంచి అసలు రికార్డింగు ఈ మధ్యనే బయటికి తీశారు. అందులో దేన్నీ కోయలేదు.

“రెంటికీ తేడా ఉందని కంప్యూటర్ గీతల్లో కనిపిస్తోంది. కానీ మనిషి చెవికి వినబడుతుందా అని కోర్టు అడుగుతోంది. వినబడదని రాశాననుకో, కాలు జారి పడిందని కేసు మూసేస్తారు.”

“తల్లి ఏమంటోంది?”

“మేడ మీద ఇంకెవరో ఉన్నారంటుంది. రోజూ వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంటుంది. నన్ను చూడగానే లేచి నిలబడుతుంది. ఏమీ అడగదు.”

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత, “ఏం వినాలో చెప్పండి,” అంది.

“చెప్పను. ఏం వినాలో ముందే తెలిసినవాడికి గాలిలో కూడా మాటలు వినిపిస్తాయి. ఏమీ తెలియని చెవి కావాలి నాకు.”

ముందు ఇది అసలు అని ఒకటి, ఇది నకలు అని ఒకటి వినిపించాడు. తర్వాత కంప్యూటరే తన ఇష్టమొచ్చినట్టు కలిపి పదిసార్లు వేస్తుంది. విన్నది ఏదో ప్రతిసారీ చెప్పాలి.

“అమ్మా, మేడ మీదున్నా. ఇదిగో, దిగి వస్తున్నా.” వెనక గాలి. అంతే.

ఆమె హెడ్‌ఫోన్లు సర్దుకుని వింది. గాలి వెనక ఏదో ఉన్నట్టే ఉంది. మళ్ళీ వింటే లేనట్టే ఉంది. ఒకసారి అసలంది, ఒకసారి నకలంది. చివరికి తెర మీద అయిదు పడింది.

“సగం,” అన్నాడు ఆయన. “వినకుండా నోటికొచ్చింది చెప్పినా సగం వస్తాయి. నీకు వినబడలేదన్నమాట.”

“మీకెన్ని వచ్చాయి?”

“ఆరు. అదీ గుడ్డిదెబ్బే.” అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. “తేడా లేదని రాసెయ్యాలి. ఆ మెట్ల మీంచి ఎలా దిగాలో తెలియడం లేదు.”

అప్పుడే ఆమె తమ్ముడు ఛార్జరు కోసం గదిలోకి వచ్చాడు. పోయిన నెల ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి, పొరుగూరి నుంచి ఒక్క సంచితో వచ్చి వీళ్ళింట్లో దిగాడు. తిండి సరిగా తినడు. ఎవరో పిల్ల కాదందట, కాస్త కనిపెట్టుకుని ఉండు అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చంటిబిడ్డగా చంకనేసుకు తిరిగిన తమ్ముడు. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు.

“రావోయ్ బావమరిదీ, కుర్ర చెవులు. నువ్వూ ఓసారి విను.”

“నాకెందుకు బావా? నాకేం తెలుస్తుంది?”

“తెలియనివాడే కావాలి.”

“కూర్చోరా,” అంది ఆమె. “గదిలో ఒక్కడివే గోడలు చూస్తూ ఏం చేస్తావు?” భుజం పట్టి కుర్చీలో కూలేసి, హెడ్‌ఫోన్లు తనే వాడి చెవులకు పెట్టింది.

మొదటిది మొదలవగానే వాడు కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులతో చెవుల్ని అదిమి పట్టుకున్నాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో పిచ్చినాయన అనుకుంది. నుదుట చెమట పడుతుంటే ఫ్యాను పెంచింది.

వాడు అక్కలాగా తడుముకోలేదు. పరీక్షకు అన్నీ చదివిన పిల్లాడిలా టకటకా చెప్పుకుపోయాడు. నకలు. అసలు. అసలు. నకలు.

తెర మీద సున్నా పడింది.

ఆమెకు నవ్వాగలేదు. ఈ ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళయిందో. “ఒరేయ్, గుడ్డివాడు రాళ్ళు విసిరినా నాలుగు కాయలు రాలతాయి కదరా. నీకు ఒక్కటీ రాల్లేదేమిట్రా.”

“చెప్పాగా అక్కా, నాకేం వినబడలేదు,” అన్నాడు వాడు.

భర్త నవ్వలేదు. తెర మీది సున్నాను చూశాడు. తర్వాత బావమరిది మొహంకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. వాడి చెవుల మీంచి హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీశాడు. కంప్యూటర్ మూసి చంకలో పెట్టుకున్నాడు.

“ఇప్పుడెక్కడికండీ?”

ఆయన ఇంటి బట్టలతోనే గడప దాటి వెళ్ళిపోయాడు. తమ్ముడు కుర్చీలోంచి లేవలేదు, బావ ఎక్కడికెళ్ళాడని అడగలేదు.

పెదవుల మీద నవ్వు ఇంకా ఆరకముందే ఆమెకు తట్టింది: పదికి పదీ తప్పు చెప్పాలంటే, పదిసార్లూ ఒప్పేదో వినబడి తీరాలి.